పక్క పందెం సంచి

ముసలయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉండడంతో, ధాన్యం కొట్టు గోడకు వీపు ఆనించి నానా అవస్థా పడి లేచాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"అయ్యగారండి, మీరెందుకొచ్చారండి?" అన్నాడు.

హత్య చేశాడని కట్టిపడేసిన మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. నన్ను చూసి ఏడుస్తాడనుకున్నాను. కాళ్ల మీద పడతాడనుకున్నాను. నేను రావడం అతనికి ఇష్టం లేదని మాత్రం అనుకోలేదు.

జరిగింది ఇదీ. నిన్న సాయంత్రం రాయిలంక జమీందారు అచ్చిబాబుగారి బంగళాలో, బిలియర్డ్సు గదిలో, అప్పాజీగారనే రిటైరైన బడిపంతులు తల పగిలి చచ్చిపోయారు. ఆయన చేతిలో ఉన్న పక్క పందేల సంచి మాయమైంది. ఖాళీ సంచి ముసలయ్య పాకలో గడ్డి కింద దొరికింది. ముసలయ్య ఆ గదికి మార్కరు. ఆటగాళ్లకు కర్రలందించి, బంతులు సర్ది, ఎవరికెన్ని ప్రాణాలు మిగిలాయో కేకేసి చెప్పే మనిషి. గది తాళం అతని దగ్గరే ఉంటుంది. నిడదవోలు ఇన్స్పెక్టరు పెద్దిరాజుగారికి ఇంతకంటే ఏం కావాలి? తెల్లారేసరికి కేసు తేల్చేశారు. ఇవాళ పొద్దు వాలకముందే ఖైదీని పడవెక్కించి రాజమండ్రి పంపించేస్తారు. ఆ తరవాత మేజిస్ట్రేటు, సెషన్సు కోర్టు, ఉరికొయ్య.

నేను రాజమండ్రిలో ఇన్స్పెక్టర్ని. పొద్దున్నే మా జిల్లా పోలీసు పైదొర విల్మట్ నన్ను తన బంగళాకు పిలిపించాడు. వెళ్లి ఒకసారి చూసి రమ్మన్నాడు. చెబుతూ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ దొరా నన్ను కూర్చోమనలేదు. గోదావరి దాటి కొవ్వూరులో రైలెక్కేదాకా ఆ కుర్చీ గురించే ఆలోచించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషపడ్డాను కూడా.

"ముసలయ్యా, ఆట ఎప్పుడైపోయింది?"

"దీపాలు పెట్టే యేళకండి."

"ఎవరు గెలిచారు?"

కాళ్ల కింద నేల వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. గెలిచిందెవరు?"

"మర్చిపోయానండి."

పూజారి దేవుడి పేరు మర్చిపోయానంటే నమ్మొచ్చేమో గానీ, మార్కరు గెలిచినవాణ్ని మర్చిపోయాడంటే నేను నమ్మను. ముసలయ్యను నేనివాళ కొత్తగా చూడడం లేదు. నేను కానిస్టేబులుగా ఉన్న రోజుల్లో రాజమండ్రిలో దొరల క్లబ్బు వరండాలో కాపలా కాసేవాణ్ని. అతను లోపల మార్కరు. నన్ను గుమ్మం దాటనిచ్చేవాళ్లు కాదు గానీ, కిటికీలోంచి చూస్తే ఎవరూ కాదనేవాళ్లు కాదు. పూల్ ఆట నేను నేర్చుకున్నది ఆ కిటికీలోంచే. ఒక్కసారీ కర్ర పట్టుకోలేదు.

"నువ్వే చంపావా?"

"చంపానని ఒప్పుకుంటే ఎన్నాళ్లేస్తారండి?"

"నీకెన్నాళ్లని చెప్పారు?"

ముసలయ్య తల దించుకున్నాడు. ఎన్ని అడిగినా ఇంక నోరు విప్పలేదు.

బయటికొచ్చి అతని పాక వైపు నడిచాను. భార్య జ్ఞానమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే చెంగు నెత్తి మీదికి లాక్కుని మొహం పక్కకు తిప్పుకుంది. పోయిన ఈస్టరుకు చర్చిలో పలకరించి, పోయిన మా ఆవిడను తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషే. ఆమె వెనకాల చూరు కింద ఒక బియ్యం బస్తా ఉంది. కట్టు కూడా విప్పలేదు. బస్తా మీద ఎస్టేటు ముద్ర.

"ఎవరిచ్చారమ్మా?"

"పెద్దమ్మగారు పంపించారండి," అంది, నా వైపు చూడకుండానే.

పెద్దమ్మగారంటే జమీందారు తల్లి. తన ఇంట్లో హత్య చేసినవాడి పెళ్లానికి ఆ తల్లి బస్తా బియ్యం పంపిందంటే, ఆవిడకు మతైనా పోయుండాలి, మనసైనా కుదురుగా లేకపోయుండాలి. ఇంకా అడుగుదామనుకున్నాను. జ్ఞానమ్మ లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆ మూసిన తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. నా బతుకులో మూసిన తలుపులు కొత్తేమీ కాదు గానీ, ఈ తలుపు మూసుకోవడం మాత్రం గుచ్చుకుంది.

బిలియర్డ్సు గది గుమ్మం దగ్గర పెద్దిరాజుగారు ఎదురయ్యారు. చేతికర్ర అడ్డం పెట్టారు.

"ఏంటండీ జ్ఞానప్రకాశంగారు, ఇంకా ఏం చూస్తారు? నేనంతా చూసేశాను కదా!"

"మీరు గుమ్మంలోంచి చూశారా, లోపలికెళ్లి చూశారా?"

ఆయన మొహం కందిపోయింది. "శవాన్ని బయటికి తీయించాను. పెద్దమ్మగారు గదికి మైలన్నారు. పుణ్యాహవచనం అయ్యేదాకా ఏదీ ముట్టుకోవద్దని కబురంపారు. పెద్దింటి మాట, కాదంటామా ఏంటి?"

"నాకు మైల లేదు. తప్పుకోండి."

"అదేనండి మీతో వచ్చిన చిక్కు! మీవాణ్ని మీరు వెనకేసుకు రావడం సహజమే. కానీ చర్చి వేరు, స్టేషను వేరు."

"మీవాడంటే?"

"అదేనండి, మీ చర్చివాడు."

నేను నవ్వాను. రాజమండ్రి చర్చిలో ఆదివారం నా బల్ల మీద నా పక్కన ఎవరూ కూర్చోరు, పోలీసువాణ్ని కదా. స్టేషనులో కూజా నీళ్లు నాకు వేరే, చర్చివాణ్ని కదా. ఈ రెండు సంగతులూ ఇంటికెళ్లి మా సత్యకుమారితో చెబితే కడుపుబ్బ నవ్వేది. కలరాలో ఆమె పోయాక ఈ మాటలు ఎవరితోనూ చెప్పుకోలేదు. ఇప్పుడీ పెద్దిరాజుగారు నాకొక జట్టుని కట్టబెడుతున్నారు. ఉంటే బాగుండేదే.

చేతికర్ర పక్కకు తోసి లోపలికెళ్లాను.

కిటికీలు మూసే ఉన్నాయి. రెండు తెరిచాను. పచ్చగుడ్డ పరిచిన బల్ల, గోడకు వరసగా కర్రలు, ఓ మూల అద్దాల బీరువా. బల్ల కాలి దగ్గర నెత్తురు ఎండిపోయింది. అప్పాజీగారు అక్కడే పడ్డారట. పడ్డ చోటు గుమ్మానికి దూరంగా, బీరువాకు దగ్గరగా ఉంది. గదంతా చూశాను. ఒక్క కుర్చీ పక్కకు తొలగలేదు. పెనుగులాడిన జాడ లేదు. తనను కొట్టబోతున్న మనిషికి ఎదురుగా నిలబడి, కొడతాడని నమ్మక, కదలకుండా దెబ్బ తిన్న మనిషి ఆయన.

"వెనకనుంచి కొట్టాడా, ముందునుంచా?"

"ముందునుంచే. నుదురు చితికింది," గుమ్మం అవతలనుంచే చెప్పారు పెద్దిరాజుగారు. "కర్ర లావు మొదలుతో కొట్టాడు."

"దొంగతనానికొచ్చినవాడు ముందుకొచ్చి నిలబడి కొడతాడా?"

"కొట్టడానికి ఎటునుంచైతే ఏంటండీ!"

గోడకున్న కర్రలు ఒక్కొక్కటే తీసి చూశాను. అన్నింటి మొదళ్లకూ దుమ్ము జిడ్డు ఉంది. ఒక్కదాని మొదలు మాత్రం శుభ్రంగా తడిగుడ్డతో తుడిచినట్టుంది. ఆ కర్ర వరసలో మిగతావాటికంటే పొడుగు. ముసలయ్య పొట్టివాడు. అయినా చంపాలనుకున్నవాడు చేతికి దొరికిన కర్రే పట్టుకుంటాడు. దాన్నిబట్టి ఏదీ తేల్చలేం.

అప్పుడు బీరువా వైపు చూశాను. అద్దం వెనక, పై అరలో, వెండి గిన్నె. మూత లేదు. నిండా రూపాయలు.

"పెద్దిరాజుగారు, సంచి ఎత్తుకుపోయిన దొంగ ఇంత వెండి గిన్నెను ఎందుకు వదిలేశాడు?"

"కంగారులో చూసుండడు."

"రోజూ ఆ గిన్నె తోమేవాడు చూడలేదా?"

బీరువాకు తాళం లేదు. గిన్నె తీసి పచ్చగుడ్డ మీద బోర్లించాను. మహారాణి బొమ్మ రూపాయలు గలగలమన్నాయి. "మైలండీ!" అని పెద్దిరాజుగారు గుమ్మంలో కేకపెట్టారు. జేబురుమాలు నోటికడ్డం పెట్టుకున్నారు కూడా, మైల గాల్లోంచి వస్తుందన్నట్టు.

పూల్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఇందులో కష్టమేమీ లేదు. ఆటకు దిగే ప్రతివాడూ ముందు ప్రవేశ రుసుము గిన్నెలో వెయ్యాలి. రాయిలంకలో రుసుము పది రూపాయలు. తరవాత బుట్టలో చెయ్యి పెట్టి ఒక్కొక్కరూ ఒక్కో రంగు బంతి తీసుకుంటారు. ప్రతి బంతికీ మూడు ప్రాణాలు. నీ బంతిని ఎవడైనా గుంటలో వేశాడా, నీకొక ప్రాణం పోయినట్టు. వాడికొక రూపాయి నీ చేత్తో నువ్వే ఇవ్వాలి. ఆ రూపాయి వాడి జేబులోకే పోతుంది గానీ గిన్నెలోకి రాదు. మూడు ప్రాణాలూ పోతే ఆటలోంచి తప్పుకోవాలి. చివరికి మిగిలినవాడిదే గిన్నె. గిన్నెను గెలిచినవాడు తప్ప మరొకడు ముట్టుకోవడం పరువు తక్కువ.

ఇక పక్క పందెం. ఎవడు గెలుస్తాడని చూసేవాళ్లూ ఆడేవాళ్లూ కాసుకునే డబ్బు. అది గిన్నెలో కలవదు. పందెం కాయని మనిషి చేతిలో వేరే సంచిలో ఉంటుంది. అప్పాజీగారు జీవితంలో పందెం కాయలేదు. అందుకే అందరి పందేలూ ఆయన చేతిలోనే పెట్టేవాళ్లట. పెళ్లాం బిడ్డలు లేరు. పొద్దున్న శ్మశానానికి నలుగురు కూలివాళ్లు మోసుకెళ్లారని జవాను చెప్పాడు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆ మాట విన్నప్పటినుంచీ ఆయన నాకు బంధువులా అనిపిస్తున్నారు.

రూపాయలు పదేసి చొప్పున దొంతర్లు పేర్చాను. ఒకసారి చూసి, చెదరగొట్టి మళ్లీ పేర్చాను.

"పెద్దిరాజుగారు, నిన్న ఆడినవాళ్లు ఎంతమంది?"

"ఆరుగురు. జమీందారుగారు, వకీలు చంద్రరావుగారు, మరో నలుగురు చుట్టాలు, స్నేహితులు. ఆ నలుగురూ పొద్దున్న రైలుకెళ్లిపోయారు. అందరి వాంగ్మూలాలూ తీసుకున్నాను. అందరిదీ ఒకటే మాట."

"ఒకటే మాటా, ఒకే రకం మాటలా?"

"మీ ఎత్తిపొడుపులు నా దగ్గర కాదు."

"ఆరుగురికి గిన్నెలో అరవై ఉండాలి. ఇక్కడ డెబ్బై ఉన్నాయి."

పెద్దిరాజుగారు నోటికడ్డం పెట్టుకున్న రుమాలు తీశారు. మైల సంగతి మర్చిపోయి ఒకడుగు లోపలికి వేశారు.

"ఎవరో పొరపాటున..."

"పొరపాటున తక్కువ వేస్తారు గానీ ఎక్కువ వెయ్యరు. స్టార్ అని ఒక నియమం ఉంది. ఆటలో మొట్టమొదట చచ్చినవాడు మళ్లీ రుసుము కట్టి ప్రాణాలు కొనుక్కోవచ్చు. ఆటకు ఒక్కడికే ఆ అవకాశం. మొదట చచ్చిందెవరు?"

"వకీలుగారు. చావగానే బయటికొచ్చి తోటలో పడుకున్నానని వాంగ్మూలమిచ్చారు."

"రుసుము మళ్లీ కట్టినవాడు తోటలో పడుకోడు."

గిన్నెలో రూపాయలు మళ్లీ పోసి, పైన గుడ్డ కట్టి, లక్క కరిగించి నా ముద్ర వేశాను. పెద్దిరాజుగారు అడ్డు చెప్పలేదు. ఆయన నాకంటే బుర్ర తక్కువవాడేమీ కాదు. నిన్నటినుంచీ ఆ బుర్రను వాడొద్దని ఎవరో చెప్పినట్టున్నారు, అంతే.

వకీలు చంద్రరావు వెనక వరండాలో పడకకుర్చీలో ఉన్నాడు. పక్కన జమీందారు అచ్చిబాబు. ముప్పై దాటని మనిషి. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి వకీలు కూర్చోమనబోయి, జమీందారు వంక చూసి ఊరుకున్నాడు. అక్కడున్న కుర్చీలన్నీ పెద్దవాళ్లవి. నేను నిలబడే అడిగాను.

"వకీలుగారు, నిన్న అందరికంటే ముందు చచ్చింది మీరేనటగా?"

"నా ఆట అంతంత మాత్రమండి," నవ్వాడు.

"గిన్నెలో డెబ్బై రూపాయలున్నాయి."

జమీందారు చేతిలో తమలపాకు ఉంది. ఆయన దాన్ని మడిచి, మళ్లీ విప్పారు.

"మీరు స్టార్ కట్టారు. కట్టి ఆటలోనే ఉన్నారు. తోటలో పడుకున్నానని పోలీసులకు అబద్ధం చెప్పారు. ఎందుకు?"

వకీలు ఒక్క క్షణం నన్ను చూశాడు. ఆ తరవాత జరిగింది నేనెక్కడా చూడలేదు.

"కట్టానండి. అవును, స్టార్ కట్టాను. ఒప్పుకుంటున్నాను," అన్నాడు.

"కట్టాడు, కట్టాడు," అన్నారు అచ్చిబాబుగారు వెంటనే. "నేనే చూశాను. మళ్లీ చచ్చాడు. వకీలు కదా, రెండోసారి ఓడిపోయానని చెప్పుకోవడానికి నామోషీ పడ్డాడు. అంతేనండి, ఇంకేం లేదు."

జమీందారు ఊపిరి పీల్చుకున్నారు. తమలపాకు నోట్లో పెట్టుకున్నారు.

నేను వాళ్లకు నమస్కారం పెట్టి మెట్లు దిగాను. గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. పాతికేళ్లు కోర్టులో అన్నింటికీ కాదనే బతికిన వకీలు, హత్య కేసులో అబద్ధం చెప్పానని ఒక్క ప్రశ్నకే ఒప్పుకున్నాడు. నేను వేసింది నింద. వాళ్లు దాన్ని కానుక పుచ్చుకున్నట్టు పుచ్చుకున్నారు. అంటే ఆ పది రూపాయలకు వాళ్లకొక కారణం కావాలి. అది నేనే వెతికి వాళ్ల చేతికిచ్చాను. అంత తెలివితక్కువ పని చేసినందుకు నన్ను నేను తిట్టుకుంటూ ధాన్యం కొట్టుకు నడిచాను.

మధ్యాహ్నం దాటిపోయింది. కాలవ రేవులో పడవ వచ్చి ఆగింది. పొద్దున్నుంచీ నాకెవరూ మంచినీళ్లయినా ఇవ్వలేదు. ఎవరు ఇవ్వాలో, ఎందులో ఇవ్వాలో ఆ ఇంట్లో తేలినట్టు లేదు.

ముసలయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. నేనే అతని భుజాలు పట్టి కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ముసలయ్యా, నీకు ఎన్నాళ్లని చెప్పారో నేను చెప్పనా? ఆరు నెలలు. ఏడాది. నువ్వు జైలుకెళ్తే జ్ఞానమ్మకు బియ్యం ఇస్తామన్నారు. పాక ఖాళీ చెయ్యక్కర్లేదన్నారు. అవునా?"

కళ్లు పైకెత్తాడు. "ఆరు నెలలండి."

"ఏ చట్టంలోనూ హత్యకు ఆరు నెలలు లేవు. ఉరి తీస్తారు. వాళ్లకి దయ కలిగితే అండమాను పంపుతారు. అక్కడినుంచి నువ్వు తిరిగి రావు. బస్తా బియ్యం రెండు నెలలొస్తాయి."

"వకీలుగారు చెప్పారండి. ఆయనకి చట్టం తెలుసు కదండి."

"తెలుసు కాబట్టే చెప్పాడు."

ముసలయ్యకు ఏడుపు ముంచుకొచ్చింది. చేతులు కట్టేసి ఉన్నాయి కదా, కళ్లు తుడుచుకోలేడు. నా తలపాగా కొసతో తుడిచాను. మనిషి మొహం నేను ముట్టుకుని రెండేళ్లు దాటింది. సత్యకుమారి కళ్లు మూసిందే ఆఖరు. ఆ సంగతి అప్పుడే తట్టింది.

"వకీలుగారు స్టార్ కట్టారా?" అన్నాను.

"లేదండి. స్టార్ కడితే నేను కేకెయ్యాలండి. నిన్న నేను స్టార్ కేక వెయ్యలేదు."

"మరి డెబ్బై రూపాయలేంటి?"

"ఏడుగురు ఆడారండి."

ఏడు బంతులు. ఏడుగురు మనుషులు. ఇంత సులువైన లెక్క వదిలేసి, నా పూల్ పరిజ్ఞానం చూపించుకోవడానికి స్టార్ అంటూ ఎగబడ్డాను.

"ఏడో ఆయన ఎవరు?"

ముసలయ్య తలుపు వైపు చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"మీ పైదొరేనండి. విల్మట్ దొరగారు. నిన్న మజ్జాన్నం లాంచీలో వచ్చారండి. చివరికి దొరగారూ మా బాబుగారూ మిగిలారు. చెరో ప్రాణం ఉంది. సమానంగా పంచుకుందామన్నారు దొరగారు. అది పద్ధతేనండి, గిన్నె పంచుకోవచ్చు. కానీ దొరగారు తన మీద తనే వంద రూపాయలు పక్క పందెం కాశారండి. సంచిలో కూడా సగం ఇమ్మన్నారు."

"అప్పాజీగారు ఇవ్వనన్నారా?"

"గిన్నె పంచుకుంటే ఎవరూ గెలవనట్టేనండి. పక్క పందేలు ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేయాలి. ఆ మాటే చెప్పారండి పంతులుగారు. 'మీ వంద మీరు పుచ్చుకోండి, ఇంకొక్క కానీ ఇవ్వను' అన్నారు. దొరగారు మళ్లీ అడిగారు. పంతులుగారు సంచి గుండెకి హత్తుకున్నారు. బళ్లో పిల్లాడికి చెప్పినట్టు వేలు చూపించి మళ్లీ అదే మాటన్నారండి. దొరగారు కర్ర తిరగేశారు. ఒక్కటే దెబ్బ."

"మిగతావాళ్లు?"

"ఎవరూ మాట్లాడలేదండి. బాబుగారు ఏడ్చారు. గిన్నె ఊసే ఎవరికీ లేదండి. పెద్దమ్మగారొచ్చి గది మూయించేశారు. సంచి దొరగారే పట్టుకెళ్లారు. ఖాళీది మా పాకలోకి ఎలా వచ్చిందో నాకు తెలీదండి."

పొద్దున్న దొర నాకు ఆ కుర్చీ ఎందుకు చూపించాడో అప్పుడర్థమైంది. జిల్లాలో ఇంతమంది ఇన్స్పెక్టర్లుండగా నన్నే ఎందుకు పంపాలి? నేను ముసలయ్యే చేశాడంటే, సొంత చర్చివాడే చెప్పాడని అందరూ నమ్ముతారు. చెయ్యలేదంటే, సొంత చర్చివాణ్ని కాపాడుకుంటున్నాడని ఎవరూ నమ్మరు. ఎటైనా దొరకు నష్టం లేదు. నా రిపోర్టు కూడా చేరేది ఆయన బల్ల మీదికే. ఇంత తెలివిగా వాడుకోవడానికి జిల్లా మొత్తంలో ఆయనకు ఒంటరివాణ్ని నేనొక్కణ్నే దొరికాను.

తలుపు కిర్రుమంది. పెద్దిరాజుగారు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశారు. చేతిలో ఇనుప బేడీలు. ఆయన మొహం చూస్తే అంతా విన్నారని తెలుస్తోంది.

"దొరగారు గదిలో ఉన్నారని నాకు తెలీదండి," అన్నారు. "ప్రమాణం చేసి చెబుతున్నాను. నేనొచ్చేసరికి లాంచీ వెళ్లిపోయింది."

"ఇప్పుడు తెలిసింది కదా. ఖైదీని ఆపండి. నేను నిడదవోలెళ్లి కలెక్టరుకు తంతి కొడతాను."

"ఆపలేనండి. పడవతో వచ్చిన జవాన్లిద్దరూ దొరగారి సొంత మనుషులు. మీరు స్టేషనుకెళ్లి వచ్చేలోపు బయల్దేరిపోతారు." ఆయన పెదాలు తడుపుకున్నారు. "జ్ఞానప్రకాశంగారు, ఇంకో మాట. రైలుండగా ఖైదీని పడవలో పంపమన్నారు. ఎందుకా అని అనుకున్నాను. కాళ్లకి కూడా ఇనుము వెయ్యమన్నారు. విజ్జేశ్వరం లాకు దగ్గరికెళ్లేసరికి చీకటి పడిపోద్ది. నీళ్లు లోతు. కాళ్లకి ఇనుముతో మనిషి జారి పడితే..."

ముసలయ్యకు అర్థమైంది. అతను నా వైపు జరిగి కూర్చున్నాడు.

"తప్పించుకోబోయి చచ్చాడని రాస్తారు," అన్నాను. "ఇక మేజిస్ట్రేటూ ఉండడు, సాక్ష్యమూ ఉండదు."

"నన్నేం చెయ్యమంటారండి? నాకు నలుగురు పిల్లలు. మీకేం, మీరు ఒక్కరు."

ఆయన ఆ మాట నన్ను నొప్పించాలని అనలేదు. నిజమే అన్నారు. రెండేళ్లుగా ఆ మాట ఎవరన్నా నాకు లోపలెక్కడో మండేది. ఇవాళ మండలేదు. ఆ కొట్టులో ముగ్గురం ఉన్నాం. ఈ పని చెయ్యగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

"కాళ్లకి వద్దు," అన్నాను. "అతని చేతులు విప్పండి. ఒక కడియం అతని కుడిచేతికి వెయ్యండి."

వేశారు.

"రెండోది నాకు."

పెద్దిరాజుగారు నోరు తెరిచి నన్ను చూశారు. ఎడమచెయ్యి చాచాను. ఆయన కదలకపోతే, కడియం నేనే మణికట్టుకు తగిలించుకుని నొక్కాను. టక్కుమని పడింది.

"ఖైదీ ఒక్కడే నీళ్లలో పడితే ప్రమాదమని రాయొచ్చు. ఇన్స్పెక్టరుతో కలిసి పడితే ఏం రాస్తారో రాయమనండి."

"తాళంచెవి?" అన్నారు. "తాళంచెవి ఎవరి దగ్గరుండాలండి?"

"మీ దగ్గరే. ముద్రవేసిన గిన్నె కూడా మీరే తీసుకుని రైల్లో వెళ్లండి. మేం చేరేసరికి కలెక్టరుగారిని కలిసి, రాజమండ్రి రేవులో జనం మధ్య మీ చేత్తో ఈ బేడీ విప్పాలి. మీరు రాకపోతే మేమిద్దరం ఇలాగే ఉంటాం. ఎక్కడున్నా సరే."

ఆయన తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడిపోయారు. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

ముసలయ్యను లేపి బయటికి నడిపించాను. జ్ఞానమ్మ పాక గుమ్మంలోకి వచ్చింది. బేడీలు చూసింది, తరవాత నన్ను చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. రేవులో జవాన్లిద్దరూ పడవలోంచి లేచారు. ఒకడు మా చేతుల వంక వేలు చూపించాడు. రెండోవాడు తల అడ్డంగా ఊపి, బల్ల కింద ఉన్న గొలుసును కాలితో పక్కకు నెట్టి, మాకు చోటు చూపించాడు. నవ్వుతున్నాడు.

పలక మీద కాలు పెట్టబోతూ ముసలయ్య ఆగాడు. గొలుసు బిగిసి నా చెయ్యి వెనక్కి లాగింది.

"అయ్యగారండి, నాకు ఈత రాదండి."

"నాకూ రాదు ముసలయ్యా. పద."